పసుపుకొమ్ము

శుక్రవారం రాత్రి

పొద్దున్నే పరకాల బస్సులో చిన్నమ్మ, చిన్నాయిన దిగారు. హనుమకొండ చౌరస్తాలో ఇడ్లీ తిని స్కానింగ్ సెంటర్‌కు పోయేసరికి తొమ్మిదిన్నర.

చిన్నమ్మకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్, కీమో అన్నీ అయిపోయాయి. బాగానే ఉంది అనుకుంటుండగా పదిహేను రోజుల నుంచి తెల్లవారుజామున తలనొప్పి, వాంతి. ఎడమ చేతిలోంచి చెంబు జారిపోతోంది. ఊళ్లో తీసిన సీటీలో ఏమీ లేదన్నారు. క్యాన్సర్ డాక్టర్ మాత్రం అంతటితో ఊరుకోలేదు. మెదడులో చిన్న మచ్చలుంటే సీటీకి అందకపోవచ్చు, డై ఎక్కించి ఎంఆర్ఐ తీయాల్సిందే అన్నాడు.

"అయితే ఇది రెండో క్యాన్సరా సారూ?" అని చిన్నాయిన అడిగితే, ఒకవేళ ఉన్నా అది రొమ్ము క్యాన్సరే, రక్తంలో కొట్టుకుపోయి అక్కడ మొలిచింది అంతే, దానికి తగ్గట్టే మందు ఉంటుంది అని చెప్పాడట. చిన్నాయినకు అది వెంటనే అర్థమైంది. పత్తి గింజ పక్క చెలకలో పడ్డా మొలిచేది పత్తేనాయె.

మేం తెచ్చిన క్రియాటినిన్ రిపోర్టు, అదే మూత్రపిండాల పనితీరు చూసే రక్తపరీక్షది, పాతదట. డైని మూత్రపిండాలే బయటికి పంపాలి కాబట్టి కొత్తది కావాలన్నారు. ఆ ముక్క ఫోన్‌లోనే చెబితే ఏం పోయేది? రెండు గంటలు గోడకు ఆనుకొని కూర్చున్నాం.

అసలు గొడవ తర్వాత మొదలైంది. ఎంఆర్ఐ మిషన్ అంటే పెద్ద అయస్కాంతమేనట, ఒంటి మీద లోహం ఏదీ ఉండొద్దు. మెట్టెలు సబ్బు నురగతో ఎలాగో ఊడాయి. పుస్తెలతాడు దగ్గర చిన్నమ్మ ఆగిపోయింది.

"శుక్రవారం పూట పుస్తెలు తీస్తరా ఎవరన్నా?"

బంగారాన్ని అయస్కాంతం లాగదు కదా అని నేనూ వంత పాడాను. లాగదు గానీ కొక్కెంలో ఏం కలిసిందో తెలియదు, వేడెక్కొచ్చు, బొమ్మ కూడా చెడిపోవచ్చు అంది టెక్నీషియన్ అమ్మాయి. ఆమెకిది రోజూ ఉండే తతంగమే కాబోలు, "పసుపుకొమ్ము కట్టుకోండి అమ్మా, అందరూ అట్లనే చేస్తరు" అంది.

ఎనుమాముల మార్కెట్‌కు పసుపు బస్తాలకొద్దీ వచ్చే ఊరిది. ఒక్క కొమ్ము కోసం చిన్నాయిన మూడు షాపులు తిరిగాడు. ఎక్కడ చూసినా పొడి ప్యాకెట్లే. చివరికి పూజా సామాన్ల కొట్టులో దొరికింది. వరండాలో పదిమంది చూస్తుండగా దారానికి కట్టి, వణికే వేళ్లతో మూడు ముళ్లు వేశాడు. చిన్నమ్మ తల దించుకుంది. సిగ్గో, ఏడుపో నాకు తెలియలేదు.

లోపల ముప్పావుగంట. బయటికి కూడా చప్పుడు వినబడుతూనే ఉంది. మొదట డై లేకుండా, తర్వాత గడోలినియం ఎక్కించి తీశారు. మెదడులోని రక్తనాళాల గోడలు మామూలుగా ఆ డైని మెదడు కణజాలంలోకి రానివ్వవట. గడ్డ ఉన్న చోట ఆ కట్టుదిట్టం చెడి డై ఊరుతుంది, బొమ్మలో అక్కడ తెల్లగా మెరుస్తుంది. ఇదంతా నేను ఎందుకు అడిగి తెలుసుకున్నానో! తెలిశాక ముప్పావుగంటా కళ్లముందు తెల్ల చుక్కలే.

బయటికొచ్చి, "నెత్తిమీద బోరు బండి నడిచినట్టున్నదే బిడ్డా. గుటక కూడ మింగలే, బొమ్మ కదులుతదని" అంది.

రిపోర్టు రేపు. డాక్టర్ దగ్గరికి సోమవారం.

బస్టాండ్‌లో పుస్తెలతాడు మెడలో వేశాను. పసుపు దారం విప్పబోతే నా చెయ్యి పట్టుకుంది.

"ఉండనీ. మళ్లోపాలి రమ్మంటే ఈయనను మూడు షాపులు తిప్పుడెందుకు?"