గ్లాసు మీద అట్టబిళ్ల

"నీళ్లా? సబ్బూ తువ్వాలూ కూడా తెమ్మంటారా?"

జర్మనీలోని కొలోన్‌లో నేను మొదటిసారి బ్రూపబ్బులో, అంటే బీరు అక్కడే తయారుచేసి అమ్మే పబ్బులో, అడుగుపెట్టిన సాయంత్రం విన్న మాట ఇది. అన్నవాడు నీలి ఏప్రన్ కట్టుకున్న సర్వరు. బల్ల చుట్టూ ఉన్న ఆఫీసువాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. ట్రాములో ఇంటికి వెళ్తుంటే మాత్రం ఒకటే గుంజాటన: నా రంగు చూసి అన్నాడా? పరాయి దేశంలో ఈ లెక్క ఎప్పటికీ తెమలదు. అవమానమో ఆనవాయితీయో ముందు తేల్చుకుంటే గాని బాధపడటానికి కూడా వీలుండదు.

మర్నాడు సహోద్యోగి తేలిగ్గా కొట్టిపారేశాడు. ఆ సర్వర్లను కోబెస్ అంటారట, యాకోబ్ అన్న పేరుకు స్థానిక యాసలో రూపం. నోటిదురుసు వాళ్ల వృత్తిలో భాగమట. "మేయరు నీళ్లడిగినా అదే మాట అంటాడు." అనవచ్చు. కానీ తన రంగు చూసి అన్నాడేమోనని మేయరుకు నిద్ర పట్టకుండా పోదు కదా.

ఉక్రోషంతోనే మళ్లీ వెళ్లాను. 1883 నాటి బ్రూపబ్బు పెఫ్గెన్‌లో అక్కడే తయారైన కోల్ష్, అంటే ఈ ఊరి బీరు, తాగాను. మరో బ్రూపబ్బు హెల్లర్స్‌లో వడకట్టని, మసకమసకగా ఉండే వీస్ అనే బీరు రుచి చూశాను. నాకు అదే ఎక్కువ నచ్చింది. దాన్ని కోల్ష్ అనకూడదు. ఆ పేరు పెట్టాలంటే బీరు తేటగా ఉండాలని ఇక్కడి బ్రూవరీలు 1986లో ఒప్పందం రాసుకున్నాయి. గ్లాసేమో 200 మిల్లీలీటర్లే. నురుగు త్వరగా అణిగిపోతుంది కాబట్టి కొంచెం కొంచెంగా, తాజాగా తాగాలన్నమాట.

అది ఖాళీ అయితే కోబెస్ అడగడు. గుండ్రటి పళ్లెంలోంచి నిండు గ్లాసు తీసి ముందు పెడతాడు, కింది అట్టబిళ్ల మీద పెన్సిలుతో గీత గీస్తాడు. వద్దనుకుంటే ఆ బిళ్లను గ్లాసు మీద మూతలా పెట్టాలి.

ఇక్కడే నా కోపం సడలింది. ఈ దేశంలో ఎవరైనా ఒక్కసారే అడుగుతారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో "కాఫీ తాగుతావా?" అంటే మొహమాటానికి వద్దన్నాను. రెండోసారి అడుగుతారని చూశాను. అడగలేదు. వాళ్ల దృష్టిలో అది నా మాటకిచ్చిన గౌరవం; నాకు మాత్రం నెలల తరబడి కాఫీ లేకుండా పోయింది. మా పెద్దమ్మ వడ్డిస్తుంటే "చాలు" అన్న మాటకు విలువే లేదు. విస్తరి మీదకు వంగి రెండు చేతులూ అడ్డం పెట్టినా వేళ్ల సందుల్లోంచి నెయ్యి పడేది. ఇన్నాళ్లకు ఇక్కడ నన్ను అడగకుండా వడ్డించినవాడు ఆ నోటిదురుసు మనిషి ఒక్కడే.

అలాగని ఇద్దరూ ఒకటే అనను. మా పెద్దమ్మ గీతలు గీసి చివర్లో లెక్క కట్టేది కాదు.

పోయిన వేసవిలో మా బావ వచ్చాడు. అట్టబిళ్ల సంగతి కావాలనే చెప్పలేదు. మూడో గ్లాసయ్యాక ఆయన అలవాటుగా గ్లాసు మీద అరచెయ్యి మూత పెట్టాడు. కోబెస్ ఆ చేతి పక్కనే నాలుగో గ్లాసు పెట్టి, గీత గీసి వెళ్లిపోయాడు. బావ కాసేపు ఆ గ్లాసు వంక చూశాడు.

"ఏమోయ్, మీ పెద్దమ్మ ఇక్కడ ఎప్పుడు చేరింది?"