మూడో బెంచీ పిల్ల

అవ్వతో అలా మాట్లాడి ఉండకూడదు. పదకొండు దాటింది, నిద్ర రావడం లేదు.

మూడో బెంచీ పిల్ల నిన్ననే ఏడో ఎక్కం తప్పు లేకుండా అప్పజెప్పింది, ఎంత ముచ్చటేసిందో. ఇవాళ రాలేదు. సాయంత్రం వెళ్తే ఇంటికి తాళం. పక్క గుడిసెలోంచి అవ్వ వచ్చి, "సుగ్గికి పోయినారు టీచరమ్మా, గుంటూరు దిక్కు, మిరపకాయలు కోసేకి" అంది. సుగ్గి అంటే ఇక్కడ వలస కూలికి పోవడమే. "పిల్లనెందుకు పంపావు? నీ దగ్గర ఉంచుకోలేవా?" అని గట్టిగానే అడిగేశాను. మారు మాట్లాడలేదు.

మధ్యాహ్నమే స్టాఫ్ రూమ్‌లో తోటి టీచరొకావిడ అంది, "వీళ్లకి డబ్బాశ మేడమ్. రేషన్ బియ్యం వస్తున్నాయిగా!" ఆ మాట ఇంకా మండుతూనే ఉంది. బియ్యంతో అప్పు తీరుతుందా? మా ఆదోని, కోసిగి వైపు ఎక్కువమందికి వాన మీద ఒక్క పంట. పత్తి ఏరడం అయిపోతే పని లేదు. సరిగ్గా అప్పుడే గుంటూరు వైపు మిరప కోతలు. కూలీలను తీసుకెళ్లే మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు ఎప్పుడో పాత బాకీలకు పోయి ఉంటుంది. ఇక పోకుండా ఎలా ఆగుతారు?

ఇదంతా ఆవిడతో అనలేదు. అంటే మా అమ్మ సంగతి చెప్పాల్సి వస్తుంది.

నాకప్పుడు నాలుగో తరగతి. బోరు ఎండిపోయిన ఏడాది మేమూ మిరప కోతలకే పోయాం. చేను గట్టున టార్పాలిన్ పట్టా గుడారం. కిలోల లెక్కన కూలి కాబట్టి నా చేతులూ లెక్కలోకే. ఒక రాత్రి నిద్రలో కన్ను నలుపుకుని ఏడ్చాను. అమ్మ నన్ను ముట్టుకోలేదు, ఆమె వేళ్లకూ కారమే. మోచేత్తో చెంబు వంచి నీళ్లు పోసింది. ఉగాదికి ఇంటికొచ్చాక డబ్బు చాప మీద మూడు కుప్పలు చేసింది. రెండు అప్పులవాళ్లవి. మూడోది నా అరచేతిలో పట్టేంత.

ఊళ్లో పని ఉంటే ఎవరూ పోరని ఇన్నేళ్లూ అనుకున్నాను. 2005 ఉపాధి హామీ చట్టం ఇంటికి 100 రోజుల పని అంది, 15 రోజుల్లో కూలి అంది. అది అప్పుడే ఉన్నా అమ్మ పోయేదేమో. వారం కూలి వారం తిండికే సరి. అప్పులవాడికి కావాల్సింది ఒక్కసారిగా మొత్తం. కాదులే, దగ్గర్లో పని దొరికి, టైముకు కూలి అందుంటే ఆ రెండో అప్పు చేసేవాళ్లమే కాదు.

రేపు అవ్వని మేస్త్రీ నంబరు అడగాలి. ఏ ఊళ్లో దిగారో తెలిస్తే అక్కడి బడిలో కూర్చోబెట్టమని హెడ్‌మాస్టర్‌తో మాట్లాడొచ్చు. ఇవాళ నేనన్న మాటకి అవ్వ నాతో మాట్లాడుతుందో లేదో.