జాబితా కోసం గోడలు పడగొట్టొద్దు

ఎర్రగుంట్ల పక్కన ఒక సిమెంటు ఫ్యాక్టరీకి నెట్‌వర్క్ పనులు చూస్తుంటాను. ఉండేది కడపలో. ఈ ఏడాది యాజమాన్యం నన్ను అడిగింది ఒకటే. నెట్‌వర్క్‌కు తగిలించిన ప్రతి వస్తువూ, ఫ్యాక్టరీలో ఉన్నా క్లౌడ్‌లో ఉన్నా, ఒకే తెరమీద కనబడాలి. ఎక్కడుంది, ఎవరిది, లోపల ఏ వెర్షన్ నడుస్తోంది అన్నీ తెలియాలి. న్యాయమైన కోరికే. కానీ దానికి మొదట వచ్చిన ప్రతిపాదనకు మాత్రం నేను ఒప్పుకోలేదు. ఒక సర్వర్ పెట్టి, ఫైర్‌వాల్‌లో (రాకపోకలను వడపోసే కాపలా పెట్టె) దానికి అన్ని విలాన్లలోకీ (ఒకే నెట్‌వర్క్‌ను విడదీసిన వేరువేరు ముక్కలు) దారి తెరిచి, రాత్రంతా స్కాన్ చేయించాలట.

మా దగ్గర ఆఫీసు ఒక విలాన్, సీసీ కెమెరాలు ఒకటి, లారీల కాటా ఒకటి, వచ్చిపోయేవాళ్ల వైఫై ఒకటి. కిల్న్‌నూ (సిమెంటు ముడిసరుకు కాల్చే, తిరిగే కొలిమి) మిల్లులనూ నడిపే కంట్రోల్ నెట్‌వర్క్ వీటికి ఎడంగా, ఇంకో ఫైర్‌వాల్ వెనక ఉంటుంది. బిల్లింగ్, డిస్పాచ్ సర్వర్లు క్లౌడ్‌లో, ముంబయి రీజియన్‌లో నడుస్తున్నాయి. 2017 మేలో, ఫైళ్లకు తాళమేసి డబ్బులడిగే వానాక్రై ఒక విండోస్ మెషీన్ నుంచి పక్క మెషీన్‌కు ఎవరూ ముట్టుకోకుండానే పాకింది. ఈ గోడలన్నీ అలాంటి దానికోసమే కట్టుకున్నాం. ఇప్పుడు అన్ని జోన్లలోకీ దారి ఉన్న స్కానర్ పెట్టడమంటే, ఇంట్లో గదులన్నిటికీ తాళాలు వేసి ఆ గుత్తిని వాకిట్లో మేకుకు తగిలించడమే.

పైగా దూరం నుంచి చేసే స్కాన్‌కు కనబడేది తక్కువ. మ్యాక్ అడ్రసు (పరికరానికి తయారీలోనే ఇచ్చే నంబరు) అడిగి తెలుసుకునే ఏఆర్‌పీ పిలుపు రూటర్ దాటదు కాబట్టి అవతలి విలాన్‌లోని మ్యాక్ నేరుగా తెలియదు. పింగ్‌కు (ఉన్నావా అని పంపే పిలుపు) జవాబివ్వని పీసీ లేనట్టే లెక్క. అందుకని జోన్‌కొక చిన్న కలెక్టర్ పెడుతున్నాను. అది తన జోన్‌లోని స్విచ్‌లను ఎస్‌ఎన్‌ఎంపీ (పరికరాల వివరాలు అడిగే పద్ధతి) మూడో వెర్షన్‌లో అడుగుతుంది. ఏ పోర్టులో ఏ మ్యాక్ ఉంది, ఎల్‌ఎల్‌డీపీలో (పరికరాలు పక్కవాటికి తమ పేరు చెప్పుకునే పద్ధతి) పక్కవాడెవరు, ఇలాంటివి. పాత 2సీ వెర్షన్‌లో కమ్యూనిటీ స్ట్రింగ్, అంటే దాని పాస్‌వర్డు, వైరు మీద ఉన్నదున్నట్టు పోతుంది కాబట్టి దాన్ని ఎక్కడా వాడనివ్వను. కలెక్టర్ తన రాబడిని 443 పోర్టు మీద ఒకే ఒక్క సర్వర్‌కు పంపుతుంది. జోన్ బయటి నుంచి దానికి ఎవరూ కనెక్షన్ మొదలుపెట్టలేరు.

కంట్రోల్ నెట్‌వర్క్ దగ్గర ఈ పద్ధతి కూడా పనికిరాదు. ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీరు ముందే చెప్పేశాడు: "మేడం, కిల్న్ తిరుగుతా ఉండంగా మా పక్కకు మీ స్కానింగులు వద్దండి." ఆయన మాట నూటికి నూరుపాళ్లు నిజం. కొన్ని పాత పీఎల్‌సీలు (యంత్రాలను నడిపే చిన్న కంప్యూటర్లు) ఎరగని ప్యాకెట్ తగిలితే బిగుసుకుపోతాయి. లోపల 1450 డిగ్రీల దాకా వేడెక్కే పదార్థం ఉన్న కిల్న్ ఉన్నట్టుండి ఆగితే, దాన్ని వేరే డ్రైవ్‌తో మెల్లగా తిప్పుతూ ఉండాలి. లేకపోతే షెల్ వంగిపోతుంది, లోపలి ఇటుక దెబ్బతింటుంది. ఒక జాబితా కోసం అంత తెగింపు నాకక్కర్లేదు. అక్కడ స్విచ్‌లో మిర్రర్ పోర్టు (మిగతా పోర్టుల్లో పోయే ప్యాకెట్ల నకలు ఇచ్చేది) పెట్టి వినడమే. 502 పోర్టు మీద మాడ్‌బస్‌లో (యంత్రాలు మాట్లాడుకునే భాష) ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో చూస్తే చాలావరకు తేలిపోతుంది. నోరు మెదపని వాటిని ఇంజనీరింగ్ స్టేషన్‌లోని ప్రాజెక్టు ఫైలు నుంచి రాసుకోవాలి. ఇలా వినే కలెక్టర్ నేరుగా ఇంటర్నెట్‌కు పోదు. రెండు నెట్‌వర్క్‌ల మధ్య వేరుగా ఉంచిన డీఎంజెడ్ అనే జోన్‌లో ఒక రిలేకు (అందుకుని ముందుకు పంపే సర్వర్) అప్పగిస్తుంది, అంతే.

ఈ జాబితా అసలు పుస్తకం ఎక్కడుండాలి? క్లౌడ్‌లోనే పెట్టేద్దామన్నారు. నేను ఫ్యాక్టరీలోనే ఉండాలన్నాను, ఇప్పటికీ అదే అంటాను. రోడ్డు పనిలో జేసీబీ ఫైబరు తెంపినప్పుడే కదా ఏ స్విచ్ ఎక్కడుందో కావాల్సింది! క్లౌడ్‌కు చదువుకునే నకలు పోతుంది. అందులో తయారీదారు, మోడల్, సీరియల్ నంబరు, ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్), చోటు, బాధ్యుడు ఉంటాయి. పాస్‌వర్డులు, కాన్ఫిగరేషన్లు మాత్రం గేటు దాటవు.

క్లౌడ్ వైపు పని దీనికి తలకిందులు. అక్కడ స్కానింగే అక్కర్లేదు. చదవడానికి మాత్రమే హక్కున్న ఒక రోల్‌తో క్లౌడ్ ఏపీఐని (ప్రోగ్రాములు ప్రశ్నలడిగే ద్వారం) అడిగితే ఉన్నవన్నీ అదే చెబుతుంది. చిక్కల్లా సర్వర్లు పొద్దున పుట్టి మధ్యాహ్నానికి పోవడం. అందుకే "ఉంది, లేదు" అని కాకుండా మొదట కనబడిన సమయం, చివర కనబడిన సమయం రాయిస్తున్నాను. బాధ్యుడి ట్యాగ్ లేని సర్వర్ కనబడితే ఆ టీముకు మెయిల్ పోతుంది.

అన్నిటికన్నా ఎక్కువ ఆలోచన గుర్తింపు మీద పెట్టాల్సి వచ్చింది. కెమెరాల కాంట్రాక్టరూ కాటా బిగించినవాళ్లూ ఇద్దరూ 192.168.1 వరసనే వాడిపోయారు. అంటే ఒకే ఐపీ అడ్రసుతో ఒక కెమెరా, ఒక కాటా ఇండికేటరు. ఐపీని తాళంచెవిగా పెట్టుకుంటే ఒకదాని రికార్డు మీద ఇంకొకటి కూర్చుంటుంది. కాబట్టి ముందు సీరియల్ నంబరు, అది దొరక్కపోతే మ్యాక్, ఐపీ అయితే జోన్ పేరుతో కలిపే. వచ్చిపోయేవాళ్ల వైఫైని జాబితా నుంచి పూర్తిగా తీసేశాను. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు మామూలుగానే మారుమ్యాక్‌తో వస్తున్నాయి. వాటిని లెక్కపెడితే జాబితా నిండా దొంగపేర్లే.

గడియారాలు కూడా అన్ని జోన్లలో ఒక్కటిగా నడవాలి, లేకపోతే లాగ్‌లలోని (జరిగినవాటి నమోదులు) సమయాలు కలవవు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు ఉంచాలి, దాడి జరిగిందని తెలిసిన 6 గంటల్లో ఆ సంస్థకు చెప్పాలి. ఆ ఆరు గంటల్లో ఫలానా అడ్రసు ఏ స్తంభం మీది కెమెరాదో వెతుకుతూ ప్లాంటంతా తిరగలేం.

తిరగడం ఇప్పుడే చేయాలి. జంక్షన్ బాక్సులో ఎలక్ట్రీషియన్ పెట్టిన చిన్న స్విచ్‌కు ఎస్‌ఎన్‌ఎంపీ ఉండదు, ఎల్‌ఎల్‌డీపీ ఉండదు. మనిషి పోయి మూత తీసి చూడాల్సిందే. కాగితం స్టిక్కర్లు సిమెంటు దుమ్ముకూ కడప ఎండకూ ఆగవు కాబట్టి చెక్కిన అల్యూమినియం బిళ్లలు చేయించమని అడిగాను. స్టోర్సు వాళ్లు ఒప్పుకున్నారు.

ముందు కాటాతో మొదలుపెడుతున్నాం. చిన్న జోన్, లారీలు లేని వేళ దొరుకుతుంది. కంట్రోల్ నెట్‌వర్క్‌లో మిర్రర్ పోర్టు కిల్న్ షట్‌డౌన్ వచ్చినప్పుడే, ఇన్‌స్ట్రుమెంటేషన్ వాళ్లు పక్కనుండగానే పెడతాం. అప్పటిదాకా ఆ వరసలన్నీ జాబితాలో "చేత్తో రాసినవి" అన్న గుర్తుతో ఉంటాయి.