మాటలు రాని పిల్లలతో ఈఈజీ అధ్యయనం: నా అనుభవం

ఆటిజం ఉండి, మాటలు కొద్దిగానే వచ్చిన పిల్లలు తమ చుట్టూ వినిపించే మాటల్లోని ధ్వనులను ఎంతవరకు వేరుపరచగలుగుతున్నారన్నది నా పరిశోధనాంశం. "వినపడితే చేయి ఎత్తు" అని చెప్పి చేసే పరీక్షలు ఇక్కడ పనికిరావు. చేయి ఎత్తని బిడ్డకు ధ్వని వినపడలేదా, చెప్పింది అర్థం కాలేదా, లేక ఎత్తాలనిపించలేదా అన్నది తేలదు. అందుకే తలపై పెట్టిన ఎలక్ట్రోడ్లతో మెదడు విద్యుత్ సంకేతాలను నమోదు చేసే ఈఈజీని, అందులోనూ మిస్‌మ్యాచ్ నెగటివిటీ అనే స్పందనను ఎంచుకున్నాను. ‘బ’ అనే ధ్వనిని వరసగా వినిపిస్తూ నడుమ అరుదుగా ‘ద’ వినిపిస్తే, ఆ తేడాను పసిగట్టిన మెదడు, మార్పు మొదలైన సుమారు 100 నుంచి 250 మిల్లీసెకన్లలో ఒక చిన్న రుణాత్మక తరంగంతో స్పందిస్తుంది. ఫిన్లాండ్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త రిస్టో నాటనెన్ బృందం 1978లో వెల్లడించిన ఈ స్పందన రావాలంటే శ్రద్ధ పెట్టి వినవలసిన అవసరం లేదు. బిడ్డ శబ్దం లేని కార్టూన్ చూస్తూ కూర్చుంటే చాలు.

బిడ్డ అలా కూర్చోవడానికి ముందు జరగవలసిన పనే నా కాలంలో ఎక్కువ భాగం తీసుకుంది. ఎథిక్స్ కమిటీ అడిగిన ప్రశ్నల్లో ఒకటి నన్ను చాలా ఆలోచింపజేసింది: మాటలు రాని బిడ్డ ‘వద్దు’ అని ఎలా చెబుతాడు? తల్లిదండ్రుల సంతకం ఉన్నా, బిడ్డ నిరాకరణను గౌరవించాలని, మనుషులపై జరిపే వైద్య పరిశోధనలకు నైతిక నియమాలు చెప్పే హెల్సింకీ ప్రకటన స్పష్టంగా చెబుతోంది. కాబట్టి ప్రతి బిడ్డ విషయంలోనూ అయిష్టం ఎలా బయటపడుతుందో తల్లిదండ్రులను ముందే అడిగి రాసుకున్నాము. ఒకరు ముఖం తిప్పుకుంటారు, ఒకరు చెవులు మూసుకుంటారు, ఒకరు పూర్తిగా మౌనమైపోతారు. ఆ గుర్తు కనిపించిన వెంటనే ఆపాలన్నది మా నియమం. ఈ ఒక్క పుట రాసిన తరువాత మిగతా అనుమతి పత్రాలు పెద్ద కష్టం కాలేదు.

అసలు సమస్య, ఎలక్ట్రోడ్లను తలకు ఆనించి ఉంచే టోపీ. చల్లటి జెల్ నింపే ఎలక్ట్రోడ్లను చాలామంది పిల్లలు భరించలేరు కనుక, ఉప్పునీటిలో తడిపిన స్పాంజిలున్న వలను వాడాము. ఒక ఏడేళ్ల బాబు తల్లి మొదటిరోజే, "వీడికి తల దువ్వించుకోవడమే గిట్టదండీ, ఇది పెట్టనిస్తాడా?" అన్నారు. తీగలు లేని నమూనా వలను వారి ఇంటికి పంపాము. ఆ బాబు ముందు దాన్ని తన బొమ్మకు తొడిగాడు, తరువాత అమ్మకు, చాలా రోజులకు తనకు. ప్రయోగశాలకు వచ్చినప్పుడు మా చేతులు తగలనివ్వలేదు. వాళ్లమ్మ తొడుగుతుంటే కదలకుండా కూర్చున్నాడు. నుదుటి మీదికి జారిన నీటిచుక్కను ఆమె తుడిచేదాకా కళ్లు గట్టిగా మూసుకుని, ఆ తరువాత తెర వైపు చూశాడు.

ఇంత ఓపిక దయతో మాత్రమే పట్టినది కాదు, గణితమూ దాన్నే కోరుతుంది. మేము వెతికే తరంగం కొద్ది మైక్రోవోల్టులే ఉంటుంది, కంటి రెప్పపాటు 100 మైక్రోవోల్టులను దాటగలదు. ఒకే ధ్వనిని ఎన్నోసార్లు వినిపించి సగటు తీస్తేనే తరంగం పైకి తేలుతుంది. అయితే రొదను, అంటే తరంగంతో కలిసిపోయే అక్కరలేని సంకేతాలను, సగానికి తగ్గించాలంటే నాలుగు రెట్ల కొలతలు కావాలి. కదిలే బిడ్డ నుంచి పనికివచ్చే కొలతలు తక్కువే మిగులుతాయి, చివరికి ఆ బిడ్డను విశ్లేషణ నుంచి తప్పించవలసి వస్తుంది. అలా తప్పిపోయేది చాలావరకు ఎక్కువ సహాయం అవసరమైన పిల్లలే. వారిని వదిలేసి, మిగిలినవారి సగటును "ఆటిజం ఉన్న పిల్లల మెదడు" అని రాయడం నా దృష్టిలో శాస్త్రపరంగానూ తప్పే, ఆ కుటుంబాల పట్ల అన్యాయం కూడా. అందుకే ఎవరిని ఏ కారణంతో తప్పిస్తామో కొలతలు మొదలుకాక ముందే నమోదు చేశాము. తప్పించిన పిల్లల వయసు, భాషాస్థాయి వివరాలను సిద్ధాంత గ్రంథంలో ఒక పట్టికగా చేర్చాము.

విశ్లేషణలో నాకు దారి చూపింది, పిల్లల వికాసాన్ని అధ్యయనం చేసిన మనోవిజ్ఞాన శాస్త్రవేత్త అనెట్ కార్మిలాఫ్-స్మిత్ 1998లో బలంగా వినిపించిన వాదన. వికాస లోపాన్ని పెద్దవారి మెదడులో దెబ్బతిన్న భాగంలా చూడకూడదని, వికసించే క్రమాన్నే పరిశీలించాలని ఆమె అన్నారు. ఈ స్పందన వయసుతో పాటు మారుతూ ఉంటుంది కనుక, ఆటిజం ఉన్న, లేని పిల్లల రెండు బృందాల సగటులను పక్కపక్కన పెట్టడంతో నేను ఆగలేకపోయాను. ఒక్కొక్క బిడ్డ తరంగాన్నీ విడిగా గీసి చూస్తే, రెండు బృందాలూ చాలావరకు ఒకదానిలో ఒకటి కలిసిపోయే ఉన్నాయి. మాటలు రాని కొందరిలో ‘బ’, ‘ద’ల తేడా స్పష్టంగా నమోదైంది. ఆ తరంగం కనిపించినంత మాత్రాన బిడ్డకు మాట అర్థమవుతోందని చెప్పలేము. మెదడు ధ్వనిలో తేడాను గుర్తించిందని మాత్రమే చెప్పగలము. తల్లిదండ్రులకు ఇచ్చిన నివేదికలో ఈ రెండు వాక్యాలనూ మొదటి పుటలోనే రాశాను. అదే పిల్లలను ఇంకాస్త పెద్దయ్యాక మళ్లీ కొలిచేందుకు అనుమతి కోరుతూ దరఖాస్తు పెట్టాను, నమూనా వలలను కూడా ముందుగానే ఇళ్లకు పంపే ఏర్పాటు అందులో చేర్చాను.