అరగని టైర్లు

షాపతను కింద కూర్చుని, బోటు ట్రైలర్ టైరు పక్కభాగాన్ని బొటనవేలితో నొక్కి చూపించాడు. ఎండాకాలం చెరువు నెర్రెలిచ్చినట్టు సన్నటి పగుళ్లు.

ట్రెడ్, అంటే రోడ్డుకి తగిలే గాళ్ల భాగం, చూస్తే నిన్నగాక మొన్న కొన్నట్టుంది! కానీ టైరు పక్కన అచ్చేసిన డాట్ కోడ్ చివరి నాలుగంకెలు 2317. అంటే 2017లో 23వ వారం తయారీ. ఏడాదికి నాలుగైదు సార్లు లేక్ టెక్సోమాకి పోవడం, మిగతా రోజులన్నీ ఈ డాలస్ ఎండలో డ్రైవ్‌వేలో పడుండటం. తిరిగి అరిగిపోలేదు, నిలబడి ఎండిపోయాయి పాపం.

"నా కారు పాత టైర్లున్నాయి, వేసేయ్ బావా" అన్నాడు మా ఫ్రెండ్. ఊరికే వస్తాయని ఆశ పుట్టిన మాట నిజమే. కానీ వాటి పక్కభాగం మెత్తన, హైవే మీద ట్రైలర్ ఊగుతుంది. ట్రైలర్‌కి ఎస్‌టి, అంటే స్పెషల్ ట్రైలర్ టైర్లే వేయాలి.

సైజు 205/75ఆర్14. టైరు ఎంత బరువు మోస్తుందో చెప్పే లోడ్ రేంజ్ సి అయితే టైరుకి 1,760 పౌండ్లు, డి అయితే 2,040. మన బోటు, ట్రైలర్, పెట్రోలు కలిపి మూడు వేలు దాటుతుంది. కూలర్లూ, మావాళ్ల బిర్యానీ డేక్సాలూ లెక్కలోకి రాలేదింకా. డి తీసుకున్నా. దానికి 65 పీఎస్ఐ గాలి కొట్టాలి, రిమ్ము తట్టుకుంటుందని చూసుకున్నాకే.

"మన కారుకెప్పుడైనా ఇంత ఆలోచించావా?" అంది మా ఆవిడ. సమాధానం లేదు.

బిల్లు కట్టి బయటికొచ్చాక స్టెప్నీ గుర్తొచ్చింది. తిప్పి చూస్తే అదీ 2317.

మళ్లీ లోపలికెళ్లా.