విచారణ గురువులకు అండగా విన్సెంట్ డి పాల్ సభ్యులు

మన తెలుగు కతోలిక మేత్రాసనాల్లో (బిషప్ పాలనలోని ప్రాంతాల్లో) విచారణ గురువులు, అంటే ఒక్కో చర్చి పరిధిని చూసుకునే ఫాదర్లు, ప్రధాన దేవాలయంతో పాటు చుట్టుపక్కల పల్లెల గుడులను కూడా చూసుకోవలసి ఉంటుంది; ఆదివారం ఒక ఊరిలో పూజ ముగించి, ఫలహారమైనా చేయకుండా మరో ఊరికి బయలుదేరేవారు ఎందరో. 1833లో పారిస్‌లో ఫ్రెడరిక్ ఓజనామ్ మిత్రులతో కలిసి ప్రారంభించిన విన్సెంట్ డి పాల్ సంఘంలో సభ్యులు ఇద్దరిద్దరుగా పేదల ఇళ్లకు వెళ్లడం ఆనవాయితీ. ఏ ఇంట్లో వృద్ధులు మంచం పట్టారో, ఎవరు దివ్యసత్ప్రసాదం (పూజలో ఆశీర్వదించిన అప్పం) కోసం ఎదురుచూస్తున్నారో ఈ సభ్యులకు తెలిసినంతగా గురువులకు తెలిసే వీలుండదు కాబట్టి, ఆ పేర్లు, వీధి, ఇంటి గుర్తు ఒక కాగితంపై రాసి అందించడం, నా దృష్టిలో, శాలువా కప్పి సన్మానించడం కన్నా ఎంతో విలువైన సేవ. పండుగ ఏర్పాట్లు ఎలాగూ సభ్యులే చూసుకోగలరు. బదిలీపై కొత్తగా వచ్చిన గురువులు రాత్రిపూట ఒంటరిగా భోంచేయకుండా, కుటుంబాలు వంతులవారీగా ఇంటికి పిలవాలని మనసారా కోరుతున్నాను.