వైర్‌లెస్ పెండెంట్ కొనే ముందు: లింకు తెగితే సీఎన్‌సీ రూటర్ ఏం చేస్తుంది?

సీఎన్‌సీ రూటరంటే కంప్యూటర్ చెప్పినట్టు చెక్కను చెక్కే మిషను. దాని జడ్ సున్నా, అంటే బిట్టు ఎత్తు లెక్క మొదలయ్యే చోటు, పెట్టేటప్పుడు కన్ను బిట్టు మొన మీద ఉండాలి, వేలు బటను మీద ఉండాలి. 3018 లాంటి చిన్న మిషనైతే ల్యాప్‌టాప్ పక్కనే పెట్టుకుని నెట్టుకురావచ్చు. నాలుగడుగుల బెడ్డు అయ్యేసరికి ల్యాప్‌టాప్ ఒక చివర, బిట్టు ఇంకో చివర. కీ నొక్కడం, లేచి వెళ్లి వంగి చూడడం, మళ్లీ వెనక్కి రావడం, ఇదే పని. తిరుపతి చుట్టుపక్కల ఇంటి వెనక షెడ్లలో తిరిగే చిన్న రూటర్లకు తలుపు పలకల మీద నామం, శంఖుచక్రాలు, పూజ మందిరాలకు ఎండీఎఫ్ జాలీ లాంటి పనులు వస్తుంటాయి. టేకు పలకలో మొదటి గీతే అర మిల్లీమీటరు ఎక్కువ దిగిందంటే ఆ పలక ఇంక వేరే దేనికైనా వాడుకోవాల్సిందే. అందుకే పెండెంట్, అంటే చేతిలో పట్టే కంట్రోలు, సోకు కోసం కొనేది కాదు.

కొనేవాళ్లు మామూలుగా అడిగేది రేంజి ఎంత, బటన్లెన్ని, స్క్రీన్ ఉందా అని. వీటన్నిటికంటే ముందు అడగాల్సింది ఇంకోటుంది. బటను నొక్కిపట్టి మిషన్ని నడిపిస్తుండగా సిగ్నల్ తెగిపోతే, అది ఎంత దూరం పోయి ఆగుతుంది? జవాబు పెండెంట్ పెట్టె మీద ఉండదు, ఎందుకంటే సగం సంగతి కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్ చేతిలో ఉంటుంది.

మిషన్ని చేత్తో జరపడం రెండు రకాలు. ఒక నొక్కుకు ఒక మిల్లీమీటరో, పదో వంతో జరిగేది స్టెప్ జాగ్. ఇందులో సిగ్నల్ పోయినా నష్టం లేదు, జరగాల్సిన కాస్తా జరిగి ఆగుతుంది. వేలు తీసేదాకా పోతూనే ఉండేది కంటిన్యువస్ జాగ్. చిక్కంతా దీంతోనే. జీఆర్‌బీఎల్ 1.1 (మోటార్లను నడిపే ప్రోగ్రాం) ఉన్న ఆర్డినో బోర్డుతో కొన్ని సాఫ్ట్‌వేర్లు కీ నొక్కగానే ‘ఎక్స్ వైపు 500 మిల్లీమీటర్లు పో’ అని ఒకే కమాండ్ పంపేస్తాయి, వేలు తీయగానే జాగ్ క్యాన్సిల్ బైటు పంపుతాయి. వైరున్న కీబోర్డుతో ఇది బాగానే నడుస్తుంది. వైర్‌లెస్‌లో వేలు తీసిన సంగతే కంప్యూటర్‌కు చేరకపోతే క్యాన్సిల్ బయల్దేరదు, బిట్టును మోసే గ్యాంట్రీ చివరిదాకా పోయి గుద్దుతుంది.

మంచి పద్ధతి దూరాన్ని చిన్న చిన్న ముక్కలుగా పంపడం. నిమిషానికి 1500 మిల్లీమీటర్ల వేగమంటే సెకనుకు 25. సెకనులో ఇరవయ్యో వంతుకు ఒక ముక్క చొప్పున పంపితే ముక్క పొడవు 1.25 మిల్లీమీటర్లు. ముక్కలు రావడం ఆగితే మిషనూ ఆగుతుంది. కాకపోతే బఫర్‌లో అప్పటికే పది ముక్కలు వరుసలో ఉంటే 12.5 మిల్లీమీటర్లు పోయాకే ఆగుతుంది. అదే క్యాన్సిల్ సరిగ్గా అందితే, యాక్సిలరేషన్ 200 పెట్టిన మిషను ఈ వేగంలో ఒకటిన్నర మిల్లీమీటర్లలో నిలబడుతుంది. వేగం 3000కి పెంచితే ఆగే దూరం ఆరుంపావు మిల్లీమీటర్లు, అంటే నాలుగు రెట్లు. బిట్టు చెక్క దగ్గర ఉన్నప్పుడు జాగ్ వేగం తగ్గించమనేది ఇందుకే.

ఏ పెండెంట్ అయినా సరే, పనికి పెట్టే ముందు ఇలా పరీక్షించండి. బిట్టు తీసేయండి, జడ్ పైకెత్తండి, గ్యాంట్రీని బెడ్డు మధ్యకు తీసుకురండి. బటను నొక్కిపట్టి ఎక్స్ నడుస్తుండగా ఇంకొకరిచేత యూఎస్‌బీ డాంగిల్ పీకించి, మిషను ఎంత పోయిందో టేపుతో కొలవండి. రెండోసారి నడుస్తుండగా పెండెంట్ బ్యాటరీ ఊడదీయండి. మూడోసారి బటను వదలకుండా షెడ్డు బయటికి నడిచి గోడ చాటుకు వెళ్లండి. తర్వాత బిట్టును తిప్పే మోటారు, అంటే స్పిండిల్, 24,000 ఆర్‌పీఎంలో తిప్పుతూ ఈ మూడూ మళ్లీ చేయండి. నా లెక్క ప్రకారం ఏ పరీక్షలోనైనా రెండు సెంటీమీటర్లు దాటితే ఆ జతను కంటిన్యువస్‌లో వాడకూడదు, స్టెప్ జాగ్‌కే పరిమితం చేయాలి.

సాఫ్ట్ లిమిట్లు, అంటే సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకునే హద్దులు, ఆన్ చేసి ఉంటే చివర గుద్దడం తప్పుతుంది. జీఆర్‌బీఎల్‌లో అది డాలర్ 20 సెట్టింగ్, దానికి ముందు డాలర్ 22తో హోమింగ్ (మిషను చివరి స్విచ్చుల్ని తాకి తన చోటు తెలుసుకోవడం) ఆన్ అయి ఉండాలి, డాలర్ 130 నుంచి 132 దాకా మీ మిషను అసలు ప్రయాణ దూరాలు ఉండాలి. జాగ్ కమాండ్ హద్దు దాటితే అలారం రాదు, ఎర్రర్ 15 చెప్పి ఆ కమాండును వదిలేస్తుంది. బెడ్డు మీద మీరు బిగించిన క్లాంపు సంగతి మాత్రం సాఫ్ట్ లిమిట్‌కు తెలియదు.

ఇక చక్రం. చేత్తో తిప్పితే మిషను జరిగే ఎంపీజీ హ్యాండ్‌వీల్‌కు ఒక చుట్టుకు వంద క్లిక్కులు. పక్కన ఎక్స్, వై, జడ్ ఎంచుకునే నాబ్, ×1, ×10, ×100 నాబ్ ఉంటాయి. క్లిక్కుకు 0.001, 0.01, 0.1 మిల్లీమీటర్లన్న మాట. ఇందులో ×1 మన మిషన్ల మీద అలంకారమే. 8 మిల్లీమీటర్ల లీడున్న టీ8 స్క్రూ, 200 స్టెప్పుల మోటారు, 8 మైక్రోస్టెప్పులు కలిస్తే మిల్లీమీటరుకు 200 స్టెప్పులు, అంటే ఒక స్టెప్పు 0.005. ఐదు క్లిక్కులు తిప్పితే గానీ మోటారు కదలదు. ఇరవై పళ్ల జీటీ2 బెల్టు మిషనైతే ఒక స్టెప్పే 0.025. ×10 మీద తృప్తి పడండి.

చక్రం బిగించాక డయల్ గేజ్ ఒకటి సంపాదించి ×10లో సరిగ్గా ఒక చుట్టు తిప్పండి. ముల్లు 1.00 మిల్లీమీటరు చూపాలి. 4.00 చూపిస్తే ఎన్‌కోడర్ (క్లిక్కుల్ని సిగ్నల్‌గా మార్చే భాగం) లెక్కలో తప్పు. ఎ, బి రెండు లైన్ల అంచులన్నీ లెక్కపెట్టే పద్ధతిలో ఒక్కో క్లిక్కుకు నాలుగు కౌంట్లొస్తాయి, సాఫ్ట్‌వేర్‌లో నాలుగుతో భాగించడం మరిచిపోయారన్నమాట. చక్రం కుడికి తిప్పితే మిషను ఎడమకు పోతుంటే ఎ, బి వైర్లు అటూ ఇటూ మార్చండి. ఈ చక్రాలు 5 వోల్టులవీ ఉన్నాయి, 24 వోల్టులవీ ఉన్నాయి, వెనక రాసింది చదవకుండా సప్లై ఇవ్వకండి. వైర్ల రంగులు ఒక్కో కంపెనీకి ఒక్కో రకం కాబట్టి మల్టీమీటర్‌తో చూసుకోవడమే మేలు. చక్రాన్ని ఆర్డినో ఊనో మీది జీఆర్‌బీఎల్‌కు నేరుగా తగిలించే చోటు లేదు. మధ్యలో ఇంకో చిన్న ఆర్డినో పెట్టి క్లిక్కుల్ని జాగ్ కమాండ్లుగానో, కీబోర్డు నొక్కులుగానో మార్చాలి. కీబోర్డులా నటించాలంటే 32యూ4 చిప్పున్న ప్రో మైక్రో కావాలి, నానోతో కుదరదు.

చక్రాన్ని గబగబా తిప్పి చెయ్యి ఆపినా మిషను ఇంకా పోతూనే ఉందని చాలామంది కంగారుపడతారు. తిప్పిన ప్రతి క్లిక్కునూ అది అప్పు తీర్చినట్టు తీరుస్తుంది. లైనక్స్ సీఎన్‌సీ అనే కంట్రోలు సాఫ్ట్‌వేర్‌లో దీనికి జాగ్ వెల్ మోడ్ అనే పిన్ను ఉంది. దాన్ని ఆన్ చేస్తే చక్రం ఆగగానే ప్రయాణమూ ఆగుతుంది, మిగిలిన క్లిక్కుల లెక్క వదిలేస్తుంది. ఎక్స్, వైలకు ఆ మోడ్ హాయిగా ఉంటుంది. జడ్ చివరి దశలో క్లిక్కుకు ఇంత అని లెక్క తప్పకూడదు గనక అక్కడ ఆఫ్‌లోనే ఉంచాలి.

కాగితంతో సున్నా పెట్టేవాళ్లకు: 80 జీఎస్‌ఎం ఏ4 కాగితం మందం దాదాపు 0.1 మిల్లీమీటరు. బిట్టు ఎప్పుడూ పైనుంచి కిందికే రావాలి. దాటిపోతే ఒక మిల్లీమీటరు పైకెత్తి మళ్లీ దిగండి, లేకపోతే స్క్రూ వదులు లెక్కలోకి వచ్చి సున్నా చెడుతుంది. టచ్ ప్లేటు (బిట్టు తాకగానే సిగ్నల్ ఇచ్చే లోహపు పలక) వాడితే, పెండెంట్ మీద ప్రోబ్ బటను నొక్కే ముందు ప్లేటును చేత్తో బిట్టుకు తాకించి స్క్రీన్ మీద సిగ్నల్ వస్తోందో లేదో చూడండి. క్లిప్పు ఊడిపోయి ఉంటే బిట్టు ప్లేటును పొడుచుకుంటూ దిగుతుంది.

వైర్‌లెస్ పెండెంట్లలో ఎక్కువగా కనిపించేది ఎక్స్‌హెచ్‌సీ వారి డబ్ల్యూహెచ్‌బీ04బీ. నాలుగు అక్షాలది, ఆరు అక్షాలది రెండు రకాలు. రెండు డబుల్ ఏ సెల్లులు, ఒక యూఎస్‌బీ డాంగిల్. మాక్3 అనే కంట్రోలు సాఫ్ట్‌వేర్‌తో అయితే పెండెంట్ ప్లగిన్ ఫైలును మాక్3 ప్లగిన్స్ ఫోల్డర్‌లో వేసి, ప్లగిన్ల జాబితాలో ఎనేబుల్ చేసి మళ్లీ తెరవాలి. లైనక్స్ సీఎన్‌సీలో దానికి వేరే కాంపొనెంట్ ఉంది. జీఆర్‌బీఎల్ వాడేవాళ్లు కొనే ముందు ఆగి ఆలోచించాలి. డాంగిల్ మాట్లాడేది కంప్యూటర్‌తో, ఆర్డినోతో కాదు. బోర్డుకు కమాండ్లు పంపే మీ సెండర్ సాఫ్ట్‌వేర్‌కు ఆ భాష రాకపోతే పెండెంట్ బల్ల మీద కూర్చోవాల్సిందే.

తక్కువ ఖర్చులో పనయ్యేది వైర్‌లెస్ నంబర్ ప్యాడ్. యూజీఎస్ లాంటి సెండర్‌లో కీలకు పనులు అప్పజెప్పుకోవచ్చు. రెండు ఇబ్బందులున్నాయి. కాసేపు వాడకపోతే ప్యాడ్ నిద్రపోయి మొదటి నొక్కు మింగేస్తుంది. తెర మీద ఇంకో విండో ముందుంటే నొక్కులన్నీ అందులోకి పోతాయి. దీన్ని స్టెప్ జాగ్‌కే వాడండి. గేమ్‌ప్యాడ్ గ్యాంట్రీని దూరం జరపడానికి సుఖంగా ఉంటుంది గానీ పాతబడ్డ స్టిక్కు ముట్టకుండానే కొంచెం వాలి ఉంటుంది. డెడ్‌జోన్ (స్టిక్కు ఈ మాత్రం వాలినా లెక్కచేయని హద్దు) 15 నుంచి 20 శాతం పెట్టి, భుజం బటను నొక్కి ఉంటేనే కదిలేలా కట్టండి.

ఫోను మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ఫ్లూయిడ్ఎన్‌సీ అనే ప్రోగ్రాం పెట్టిన ఈఎస్‌పీ32 బోర్డు సొంతంగా వైఫై ఇస్తుంది, బ్రౌజర్‌లో 192.168.0.1 తెరిస్తే బటన్లన్నీ వస్తాయి. ఆ బోర్డుకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే తెలుసు. పాస్‌వర్డ్ 12345678గానే వదిలేయకుండా మార్చుకోండి. కానీ అద్దం మీద వేలికి బటను తగలదు, చెమట వేళ్లకు ఎండీఎఫ్ పొడి అంటితే తెర సరిగ్గా పలకదు, జాగ్ మధ్యలో ఫోను వస్తే వేలు తీసిన సంగతి బ్రౌజర్‌కు తెలియకపోవచ్చు. ఫోనే వాడాలనుకుంటే ఏరోప్లేన్ మోడ్ పెట్టి వైఫై ఒక్కటే ఆన్ చేయండి, తెర ఆరిపోకుండా చూసుకోండి, 0.1, 1, 10 స్టెప్ బటన్లు తప్ప ఇంకేమీ ముట్టకండి. పని ఎంతవరకు వచ్చిందో చూడటానికి మాత్రం ఫోను భేష్.

వైర్‌లెస్ పెండెంట్ మీద ఎర్రగా స్టాప్ అని రాసి ఉన్నది ఎమర్జెన్సీ స్టాప్ కాదు. అది సాఫ్ట్‌వేర్‌ను బతిమాలుకునే బటను. అసలైనది మిషను ముందు చెయ్యి అందే చోట వైరుతో ఉండాలి: నొక్కితే లాక్ అయ్యే పుట్టగొడుగు బటను, నార్మల్లీ క్లోజ్డ్ కాంటాక్టు, దాని గుండా కాంటాక్టర్ కాయిల్, ఆ కాంటాక్టర్ గుండా మోటారు డ్రైవర్ల సప్లై, వీఎఫ్‌డీ (స్పిండిల్ వేగాన్ని నడిపే డ్రైవ్) సప్లై. స్పిండిల్ వెంటనే నిలవదు, తిరిగి తిరిగి ఆగుతుంది. కాంటాక్టర్‌కు వేరే స్టార్ట్ బటను, హోల్డింగ్ కాంటాక్టు పెడితే కరెంటు పోయి వచ్చినప్పుడు మిషను తనంతట తాను లేవదు. కరెంటు వస్తూ పోతూ ఉండే చోట ఈ ఒక్క ఏర్పాటు పెండెంట్ కంటే ముందు చేయించుకోదగ్గది.

జీఆర్‌బీఎల్ ఊనోలో ఎ0 అబార్ట్, ఎ1 హోల్డ్, ఎ2 రెజ్యూమ్. సీఎన్‌సీ షీల్డ్ మీద ఈ పేర్లతోనే పిన్నులుంటాయి. మూడు పుష్ బటన్లు, రెండు మీటర్ల షీల్డెడ్ కేబులు, చిన్న ప్లాస్టిక్ డబ్బా ఉంటే సాఫ్ట్‌వేర్‌తో సంబంధం లేని వైర్డ్ పెండెంట్ తయారు. ప్రతి పిన్నుకూ 5 వోల్టుల వైపు 4.7 కిలో ఓమ్ రెసిస్టర్, గ్రౌండ్ వైపు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేయండి. వేయకపోతే స్పిండిల్ స్టార్ట్ అయినప్పుడల్లా ఎవరూ నొక్కకుండానే హోల్డ్ పడొచ్చు. హోల్డ్ కదలికను మాత్రమే ఆపుతుంది, బిట్టు తిరుగుతూనే ఉంటుంది, చెయ్యి పెట్టకండి. సామాను స్థానికంగా దొరక్కపోతే చెన్నై రిచీ స్ట్రీట్‌లో అన్నీ ఒకచోటే దొరుకుతాయి.

లింకు ఊరికే తెగుతుంటే ముందు డాంగిల్ ఎక్కడుందో చూడండి. యూఎస్‌బీ 3.0 పోర్టులు, కేబుళ్లు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రొద చేస్తాయని 2012లో ఇంటెల్ స్వయంగా ఒక పత్రంలో వివరించింది. నీలం పోర్టులో పెన్‌డ్రైవ్ పక్కనే గుచ్చిన డాంగిల్ మూడడుగుల దూరానికే తడబడుతుంది. మీటరు పొడవు యూఎస్‌బీ 2.0 ఎక్స్‌టెన్షన్ వేసి, డాంగిల్‌ను ఇనుప పెట్టెకు బయట, మీ చేతికి ఎదురుగా కనిపించేలా కట్టండి. స్పిండిల్ తిరిగితేనే తెగుతుంటే అనుమానించాల్సింది రేడియోను కాదు, ఆర్డినోకు పోయే యూఎస్‌బీ కేబులును. వీఎఫ్‌డీ రొద దాని గుండానే దూరుతుంది. స్పిండిల్‌కు షీల్డెడ్ కేబులు, షీల్డుకు ఎర్తు, యూఎస్‌బీ కేబులు పొట్టిగా, ఫెర్రైట్‌తో.

కరెంటు పోయినప్పుడు ఇంకో మోసం ఉంది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటుంది, ఊనోకు దాని యూఎస్‌బీ నుంచే పవర్ అందుతుంది, పెండెంట్ తెర మీద అంకెలు చెక్కుచెదరవు. మోటార్లు మాత్రం పట్టు వదిలేశాయి, జడ్ బరువుకు జారి ఉండొచ్చు. ఆ అంకెల్ని నమ్మి రెజ్యూమ్ కొట్టకండి. సాఫ్ట్ రీసెట్ చేసి, జడ్‌ను పైకి తీసి, హోమింగ్ చేయండి. జి54లో (సున్నాను దాచుకునే కమాండ్) పెట్టిన సున్నా బోర్డు మెమరీలోనే ఉంటుంది కాబట్టి ఎక్స్, వై తిరిగి దొరుకుతాయి. జి92తో, అంటే తాత్కాలిక సున్నాగా, పెట్టి ఉంటే అది రీసెట్‌తోనే పోతుంది, మళ్లీ మొదటినుంచి పెట్టుకోవాల్సిందే.